నాచు నూనె లెక్క: శాతం ఒక్కటే చూస్తే చాలదు



నేను చదివింది బి.కాం., పనిచేసింది బ్యాంకులో. సైన్సు పాఠం నేను రాయడమేమిటని మీరు అనుకోవచ్చు. మన ఆనేకల్‌లో బి.ఎస్‌సి. చదువుతున్న ఒక అమ్మాయి స్కాలర్‌షిప్ దరఖాస్తుతో పాటు తన ప్రాజెక్టు నివేదిక కూడా తెచ్చి చూపింది. నత్రజని, అంటే నైట్రోజన్, తగ్గిస్తే నాచులో నూనె పెరుగుతుందని అందులో రాసింది. "శాతం పెరిగిందా, మొత్తం పెరిగిందా అమ్మా?" అని అడిగాను. జవాబు చెప్పలేకపోయింది. ఇద్దరం కూర్చుని చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

నత్రజని పని ఏమిటి?

నీటిని పచ్చగా మార్చే సూక్ష్మ శైవలాలకు మాంసకృత్తులు, పత్రహరితం, డి.ఎన్.ఏ. తయారు కావాలంటే నత్రజని కావాలి. అది సమృద్ధిగా ఉంటే కణాలు విభజన చెంది త్వరగా పెరుగుతాయి. మురుగునీరు కలిసిన చెరువులు పచ్చబడేది అందులోని నత్రజని, భాస్వరం వల్లనే. అయితే ఆ పచ్చదనమంతా నూనె కాదు.

నత్రజని అయిపోతే విభజన ఆగిపోతుంది. కాని కిరణజన్య సంయోగక్రియ కొంతకాలం సాగుతుంది. అలా చేరిన కర్బనాన్ని కొన్ని జాతులు నూనెగా, కొన్ని పిండిపదార్థంగా దాచుకుంటాయి. ఆ నూనె తయారీకి నత్రజని అక్కరలేదు కదా! క్లోరెల్లా అనే శైవలంలో కొవ్వు, పెంచే పరిస్థితులను బట్టి, ఎండు బరువులో 4.5 నుంచి 85.6 శాతం వరకు మారగలదని 1949లో అమెరికా శాస్త్రవేత్తలు స్పోర్, మిల్నర్ చూపారు.

లెక్క చూద్దాం

ఉదాహరణకు, నత్రజని ఉన్న తొట్టిలో వారానికి 20 గ్రాముల ఎండు నాచు వచ్చిందనుకుందాం. నూనె 20 శాతం అయితే 4 గ్రాములు. నత్రజని లేని తొట్టిలో నాచు 8 గ్రాములే, నూనె 40 శాతం. అంటే 3.2 గ్రాములు. శాతం రెట్టింపైనా చేతికొచ్చింది తగ్గింది. వడ్డీ రేటు పెరిగి, అసలు తరిగిపోయినట్టే.

1978 నుంచి 1996 వరకు అమెరికా ప్రభుత్వం నడిపిన శైవల ఇంధన పరిశోధనలోనూ ఈ చిక్కే ఎదురైంది. అందుకే రెండు దశల పద్ధతి వచ్చింది: ముందు నత్రజని ఇచ్చి నాచును పెంచాలి, తర్వాత ఆపి నూనె పట్టనివ్వాలి.

ఆ అమ్మాయి తన నోటుబుక్కులోని బరువులతో లెక్క కడితే మొత్తం నూనె తగ్గినట్టే తేలింది. అలా రాస్తే మార్కులు పోతాయేమోనని భయపడింది. ఉన్నది ఉన్నట్టు రాయమన్నాను. ఇప్పుడు ఆమె పట్టికలో బరువు, శాతం, మొత్తం మూడూ ఉన్నాయి.

మీరు చేయండి: పై ఉదాహరణలో రెండో తొట్టి మొదటిదానితో సమానం కావాలంటే, ఆ 8 గ్రాములలో నూనె ఎంత శాతం ఉండాలి?