తాళం తిప్పితే టిక్ టిక్... ఇంజిన్ కదలదు!

ప్రశ్న: మా పెట్రోల్ కారు కొని నాలుగేళ్లయింది. పది రోజులు ఊరెళ్లొచ్చి తాళం తిప్పితే టిక్ టిక్‌మంటోందే తప్ప స్టార్ట్ కావడం లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: కంగారు పడకండి. మీరు చెప్పినదాన్ని బట్టి బ్యాటరీ దిగిపోయి ఉండొచ్చు. ఆ చప్పుడు స్టార్టర్ మోటారు మీదుండే స్విచ్‌ది. అది కదలడానికి కొద్ది కరెంటు చాలు. ఇంజిన్ తిరగాలంటే వంద ఆంపియర్లకు పైగానే కావాలి. అంత ఇవ్వలేక బ్యాటరీ చతికిలబడుతుంది, స్విచ్ పట్టు వదిలి మళ్లీ పట్టుకుంటుంది.

వరుసగా ఇలా చూడండి.

1. హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పండి. వెలుగు బాగా తగ్గితే లోపం బ్యాటరీదో, దాని కనెక్షన్లదో. వెలుగు తగ్గకుండా ఒక్కసారే ‘టక్’మంటే స్టార్టర్ మోటారును అనుమానించాలి.

2. బానెట్ ఎత్తి టెర్మినళ్లు చూడండి. తెల్లటి, పచ్చటి పొడి పేరుకుంటే కరెంటు సరిగా అందదు. కారు ఆఫ్ చేసి, గ్లోవ్స్ వేసుకుని, ముందు మైనస్, తర్వాత ప్లస్ విప్పండి. వేడినీళ్లతో, పాత బ్రష్‌తో రుద్ది, ఆరాక ముందు ప్లస్ బిగించండి.

3. మల్టీమీటరుంటే వోల్టేజీ చూడండి. 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు. 12 కంటే తగ్గితే చార్జింగ్ పెట్టించాలి.

బ్యాటరీ ఉబ్బినా, పగిలినా, కుళ్లిన గుడ్ల వాసన వచ్చినా ముట్టుకోకండి, వెంటనే మెకానిక్‌ను పిలవండి. చార్జింగ్ పెట్టించినా రెండు రోజుల్లో మళ్లీ దిగిపోతే, ఆటో ఎలక్ట్రీషియన్‌తో బ్యాటరీ, ఆల్టర్నేటర్ రెండూ పరీక్ష చేయించండి.