స్టీలు డబ్బా మీద తెలుగు పేరు: లేజర్ మెషిన్‌కు సాఫ్ట్‌వేర్ అమర్చుకునే విధానం

హైదరాబాద్ పక్కనున్న కోకాపేటలో గృహప్రవేశాలకు కొదవలేదు. 2023 ఆగస్టు నియోపోలిస్ వేలంలో ఎకరం ధర వంద కోట్లు దాటిన ఊరిది. టవర్లు లేచినచోట తలుపులకు నేమ్‌ప్లేట్లు కావాలి, చుట్టాలకు పంచే స్టీలు డబ్బాల మీద ఇంటివాళ్ల పేర్లు కావాలి. సారె సామాను మీద పేర్లు కొట్టించడం మనకు పాత అలవాటే. పాత్రల కొట్లో కూర్చుని, గర్రుమనే కరెంటు పెన్నుతో చుక్కలు చుక్కలుగా రాసిచ్చేవారు. ఆ పనే ఇప్పుడు బల్ల మీద పట్టే 20 వాట్ల ఫైబర్ లేజర్ మెషిన్ చేస్తోంది.

మార్కు సరిగా పడకపోతే చాలామంది చెయ్యి ముందు పవర్ మీదకు పోతుంది. అది ఆఖరున ముట్టుకోవాల్సింది. ముందు కొలత, తర్వాత ఫోకస్, ఆపైన అక్షరం, చివరికి పవర్. కింద చెప్పేది చైనాలోని జేసీజెడ్ కంపెనీ కంట్రోల్ బోర్డు, ఆ కంపెనీ సాఫ్ట్‌వేరే అయిన ఈజీక్యాడ్2 ఉన్న మెషిన్ల గురించి. చిన్న మెషిన్లలో చాలావాటికి ఇదే జంట.

1. పెన్‌డ్రైవ్ కాపీ చేసుకోండి

మెషిన్‌తో వచ్చిన పెన్‌డ్రైవ్‌లోని ఈజీక్యాడ్ ఫోల్డర్‌లో మీ మెషిన్‌కు మాత్రమే చెందిన ఫైళ్లు రెండుంటాయి. ఒకటి మార్క్‌సీఎఫ్‌జీ7, మెషిన్ సెట్టింగులన్నీ ఇందులోనే. రెండోది డాట్ సీఓఆర్ అని ముగిసేది, లెన్సు వంకర్లను సరిచేసేది. పక్కవాళ్ల మెషిన్‌లోంచి తెచ్చుకున్న ఫైలు మీకు పనికిరాదు. ఫోల్డర్ మొత్తాన్ని ముందు రెండుచోట్ల దాచండి. ఈజీక్యాడ్‌కు వేరే ఇన్‌స్టలేషన్ ఉండదు. ఫోల్డర్‌ను హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, లోపలి ప్రోగ్రామ్‌ను నడిపితే చాలు.

2. డ్రైవర్ ఎక్కించండి

మెషిన్ ఆన్ చేసి యూఎస్‌బీ కేబుల్ పెట్టండి. డివైస్ మేనేజర్‌లో బోర్డు పక్కన పసుపు గుర్తు కనిపిస్తే, డ్రైవర్ అప్‌డేట్ నొక్కి అదే పెన్‌డ్రైవ్‌లోని డ్రైవర్ ఫోల్డర్ చూపించండి. మీ విండోస్ 64 బిట్‌దైతే ఆ డ్రైవరే ఎంచుకోవాలి. ఈజీక్యాడ్ తెరవగానే డెమో అని చెబుతోందంటే బోర్డు దానికి కనబడలేదని అర్థం: కేబుల్, డ్రైవర్ మళ్లీ చూడండి. విండోస్ పవర్ సెట్టింగుల్లో స్లీప్‌ను, యూఎస్‌బీ సస్పెండ్‌ను ఆపేయండి. లేకుంటే పని మధ్యలో కంప్యూటర్ నిద్రపోతే డబ్బా మీద సగం పేరే మిగులుతుంది.

3. కొలత కుదర్చండి

ఎఫ్3 నొక్కితే పారామీటర్ల పేజీ వస్తుంది. లేజర్ రకం దగ్గర ఫైబర్ ఉండాలి. ఫీల్డ్ సైజు లెన్సును బట్టి ఉంటుంది: 160 మిల్లీమీటర్ల ఫోకస్ లెన్సుకు సాధారణంగా 110 × 110, 254 లెన్సుకు 175 × 175 మిల్లీమీటర్లు. లెన్సు మారితే సీఓఆర్ ఫైలు కూడా మారాలి.

ఇప్పుడు, నాలుగో మెట్టులో చెప్పే కళ్లద్దాలు పెట్టుకుని, ఒక పాత రేకు ముక్క మీద 90 మిల్లీమీటర్ల చదరం, దాని మధ్య 7 అంకె మార్క్ చేయండి. 7 తిరగబడి పడితే, కిరణాన్ని తిప్పే గాల్వో అద్దాల దిశ మార్చే గడి ఉంది, అక్కడ సరిచేయండి. చదరాన్ని వెర్నియర్‌తో కొలిచి, వచ్చిన కొలతను స్కేల్ గడిలో ఇస్తే మిగతా లెక్క సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది. భుజాలు ఉబ్బినా లోపలికి వంగినా, సీఓఆర్ ఫైలు ఎక్కిందో లేదో చూడండి.

4. ఫోకస్ పట్టండి

కిరణం తరంగదైర్ఘ్యం 1064 నానోమీటర్లు; అది కంటికి కనిపించదు, కానీ కంటిని పోగొడుతుంది. ఆ తరంగదైర్ఘ్యానికే తయారైన కళ్లద్దాలు పెట్టుకున్నాకే, మార్క్ కొట్టే ఎఫ్2 నొక్కండి. ఎఫ్1 నొక్కితే వచ్చేది దారి చూపే ఎర్ర లైటు మాత్రమే. లెన్సు నుంచి రేకుకు ఉండాల్సిన దూరాన్ని ముందు స్కేలుతో పెట్టి, తల ఎత్తు కొద్దికొద్దిగా మారుస్తూ గీతలు కొట్టండి. గీత సన్నగా, చప్పుడు పదునుగా ఉన్నచోట ఆగండి. ఆ ఎత్తును స్తంభం మీద మార్కరుతో గుర్తు పెట్టుకోండి.

5. తెలుగును గీతలుగా మార్చండి

అసలు చిక్కు ఇక్కడే. యూనికోడ్‌లో ‘రాజ్యలక్ష్మి’ అన్న పేరు ఒకదాని వెనుక ఒకటి నిలబడిన సంకేతాల వరుస. ‘క్ష్మి’లో మావత్తు కిందికి, గుడి పైకి పోవాలంటే ఆ అమరిక తెలిసిన ప్రోగ్రామ్ కావాలి. మార్కింగ్ సాఫ్ట్‌వేర్‌లో నేరుగా టైప్ చేస్తే వత్తులు విడిపోయే ప్రమాదం ఉంది.

అందుకని పేరును కోరెల్‌డ్రాలోనో ఇంక్‌స్కేప్‌లోనో టైప్ చేసి, కర్వ్స్‌గా మార్చండి. డీటీపీ వాళ్ల అను ఫాంట్లయినా ఇదే దారి. అక్షరం మీదకు వత్తు ఎక్కినచోట రెండు ఆకారాలను వెల్డ్ చేసి ఒకటి చేయండి. లేకపోతే అక్షరం లోపల హ్యాచ్ గీతలు నింపేటప్పుడు అవి కలిసిన చోట ఖాళీ మిగులుతుంది. పీఎల్‌టీ లేదా డీఎక్స్ఎఫ్‌గా సేవ్ చేసి ఈజీక్యాడ్‌లోకి తెచ్చాక కొలత మళ్లీ చూడండి, దిగుమతిలో సైజు మారిపోవచ్చు. కొలత మార్చాక అప్లై నొక్కాలి, తర్వాత బొమ్మను ఫీల్డ్ మధ్యకు తేవాలి.

6. ఇక పవర్

స్టీలు మీద హ్యాచ్ గీతల మధ్య 0.05 మిల్లీమీటర్ల దూరంతో మొదలుపెట్టండి. పాత గిన్నె అడుగున చిన్న గళ్లు గీసి, వేగం సెకనుకు 500 నుంచి 1500 మిల్లీమీటర్ల దాకా, పవర్ 30 నుంచి 70 శాతం దాకా మార్చుతూ పరీక్షించండి. ఫ్రీక్వెన్సీ మాత్రం లేజర్ సోర్సు మీద రాసిన హద్దులోనే ఉండాలి. గీత మొదట్లో మచ్చ పడితే స్టార్ట్ టీసీ పెంచండి, ఖాళీ వస్తే తగ్గించండి. చివర మచ్చ పడుతుంటే లేజర్ ఆఫ్ టీసీ తగ్గించాలి.

పవర్ ఎక్కువైతే నలుపు బాగానే వస్తుంది. కానీ స్టీలును తుప్పు నుంచి కాపాడే క్రోమియం ఆక్సైడ్ పొర దెబ్బతిని, నాలుగుసార్లు తోమేసరికి పేరు చుట్టూ ఎర్రగా తుప్పు పడుతుంది. గిన్నె లోపలి వైపు ఎప్పుడూ కొట్టకండి. పీవీసీ కార్డులు తెస్తే తీసుకోకండి, కాలితే వచ్చేది హైడ్రోజన్ క్లోరైడ్ పొగ.

ఇదే మెషిన్ బంగారం మీదా రాస్తుంది. ఎవరైనా ఉంగరం తెచ్చి పేరు కొట్టమంటే కొట్టండి. హాల్‌మార్క్ గుర్తు, నంబరు మాత్రం ముట్టుకోవద్దు. హెచ్‌యూఐడీ అనే ఆ ఆరు అక్షరాంకాల నంబరు 2021 జులై 1న వచ్చింది. 2023 ఏప్రిల్ 1 నుంచి, హాల్‌మార్కింగ్ తప్పనిసరైన నగలను అది లేకుండా అమ్మకూడదు. దాన్ని వేసే అధికారం భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) గుర్తింపున్న కేంద్రాలదే.

కుదిరిన సెట్టింగులను స్టీలు, ఇత్తడి, అల్యూమినియం అని విడివిడి పేర్లతో సేవ్ చేసుకోండి. తర్వాత ఎప్పుడైనా తేడా వస్తే ఇదే వరుసలో వెతకండి. పేరు చిన్నదైతే మూడో మెట్టు, మసకైతే నాలుగు, వత్తు ఎగిరితే ఐదు. అవన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాకే పవర్ గడి తెరవండి.