సముద్రము దాటి వచ్చు పెట్టె

తిరునాళ్లకు పోయిన తాత ఇంటికి రాగానే మనుమల చూపులు మొదట ఆయన చేతిసంచి మీదనే పడును. ఎంత పేదవాడైనను తాత పిడికెడు మిఠాయి తేక రాడు. ఇట్టి ఆచారమే ఫిలిప్పీన్సు దేశమునందును కలదు. దూరము పోయి వచ్చువారు ఇంటివారికి తెచ్చు కానుకను అచ్చటివారు ‘పసలూబోంగ్’ అందురు.

ఫిలిప్పీన్సు ఆసియా ఖండమునకు ఆగ్నేయమున 7,600కు పైగా ద్వీపములు గల దేశము. మనీలా దాని రాజధాని. 1970 తరువాతి సంవత్సరములలో అచ్చట జనులకు తగినంత పని దొరకదయ్యెను. అదే కాలమున గల్ఫు దేశములలో చమురు ధనముతో పెద్ద కట్టడములు లేచుచుండెను. 1974లో ఆ దేశ ప్రభుత్వము కార్మిక శాసనము చేసి, ప్రజలను విదేశములకు పనికి పంపు ఏర్పాటులు గావించెను. నేడు సుమారు ఒక కోటిమంది ఫిలిప్పీను ప్రజలు పరదేశములలో నివసించుచున్నారు. వారిలో నౌకలపై పనిచేయువారును, ఆసుపత్రులలో నర్సులును, పరుల ఇండ్లలో వంటపని, పిల్లల పోషణ చేయు స్త్రీలును ఎక్కువ. 2023వ సంవత్సరమున వారు ఇండ్లకు పంపిన ధనము 3,300 కోట్ల డాలర్లకు మించినది.

ధనముతోపాటు వారు పెట్టెలను గూడ పంపుదురు. వానికి ‘బాలిక్‌బాయన్ పెట్టెలు’ అని పేరు. ‘బాలిక్’ అనగా మరలి వచ్చుట. ‘బాయన్’ అనగా స్వదేశము లేక స్వగ్రామము. పరదేశములలోని తమవారు ఒకమారు వచ్చి స్వదేశమును చూచిపోవలెనని 1973లో ప్రభుత్వము ఒక కార్యక్రమము నారంభించి, దానికి ఈ పేరే పెట్టెను. మొదట ఇట్లు వచ్చువారు తమ వెంట పెట్టెలు తెచ్చుచుండిరి. రానురాను, రాలేనివారు పెట్టెను మాత్రము ఓడలపై పంపసాగిరి. పేరు చూడగా ‘ఇంటికి మరలి వచ్చువాని పెట్టె’. నిజమునకు మనిషి రాడు, పెట్టెయే వచ్చును.

ఈ పెట్టె ఒక దినమున నిండునది కాదు. సుమారు రెండడుగుల పొడవు, వెడల్పు గల అట్టపెట్టె నెలల తరబడి గదిమూల నుండును. జీతము వచ్చినపుడెల్ల అందులో ఒక వస్తువు చేరును. సబ్బులు, తువాళ్లు, కాఫీపొడి, చాక్లెట్లు, డబ్బాలలోని మాంసము, బూట్లు, దుస్తులు – ఇవి సామాన్యముగా పంపునవి. ఓడపై పంపు పెట్టెకు తూకమును బట్టి గాక పెట్టెకింత యని కూలి తీసికొనుట వాడుక. కావున వారు వేలెడు చోటైనను విడువరు. బూటులోపల మేజోళ్లను కుక్కి, సబ్బులను తువాళ్లలో చుట్టి పెట్టుదురు. హాంగ్‌కాంగులోని పనికత్తెలు యజమానుల ఇండ్లలోనే నివసింపవలెను. అచ్చట పెట్టె నుంచుకొనుటకు చోటు దొరకుట కష్టము. అందుచే పలువురు ఆదివారపు సెలవునాడు నగరమధ్యమున గుమిగూడి, వీథి ప్రక్కనే కూర్చుండి పెట్టెలు సర్దుదురు. అమెరికా వంటి దూరదేశములనుండి ఓడ చేరుటకు వారములు, నెలలు పట్టును. కావున క్రిస్మస్ పండుగకు అందవలసిన పెట్టెను సెప్టెంబరు, అక్టోబరు నెలలలోనే పంపుదురు.

2015 ఆగష్టులో అచ్చటి సుంకముల శాఖవారు, దొంగసరకు వచ్చుచున్నదను అనుమానముతో, ఈ పెట్టెలను విప్పి చూచెదమని ప్రకటించిరి. అంతట విదేశములలోని కార్మికులు మిక్కిలి ఆగ్రహించిరి. పరులు పెట్టె విప్పినచో వస్తువులు పోవుననియు, పాడగుననియు వారు భయపడిరి. తల్లి తన చేత సర్దిన పెట్టెను బిడ్డయే విప్పవలెను గాని అన్యులు విప్పరాదని వారి బాధ. నాటి అధ్యక్షుడగు బెనీగ్నో అకీనో పెట్టెలను ఇచ్చవచ్చినట్లు విప్పరాదనియు, ఎక్స్‌రే యంత్రముతో పరీక్షింపవలెననియు ఆదేశించెను. 2016లో క్రొత్త శాసనము వచ్చి, ఇట్టి కానుకలపై 1,50,000 పెసోల విలువ వఱకు సుంకము తీసివేసెను.

ఈ పెట్టెకు మరియొక ముఖము కూడ కలదు. ఒక తల్లిని తలచుకొనుడు. ఆమె పరుల బిడ్డకు అన్నము తినిపించి, నిద్రపుచ్చి, ఆ జీతముతో తన బిడ్డకు బూట్లు కొనును. పెట్టె ఇల్లు చేరునాటికి బిడ్డ పాదము పెరిగియుండును. బూట్లు పట్టవు. కొడుకు ఎంత ఎదిగెనో ఆ తల్లికి తెలియజేయునది ఆ చాలని బూట్లే! పెట్టె వచ్చిన ఇంట, “అమ్మ విదేశమున సుఖముగా నున్నది” అని పిల్లలు తలంతురు. ఆమె తన ఖర్చులు తగ్గించుకొని ఒక్కొక్క వస్తువు కూర్చినదని వారికి తెలియకపోవచ్చును.

మన తెలుగునాటను కరీంనగరము, నిజామాబాదు, కడప, గోదావరి ప్రాంతములనుండి వేలమంది గల్ఫు దేశములకు పోవుచున్నారు. త్రాళ్లు బిగించి, పేరు పెద్ద అక్షరములతో వ్రాసిన వారి అట్టపెట్టెలను హైదరాబాదు విమానాశ్రయమున చూడవచ్చును. మీలో ఎవరి ఇంటికైన అట్టి పెట్టె వచ్చినచో, విప్పిన వెంటనే పంపినవారితో మాటలాడుడు. వస్తువు బాగున్నదని చెప్పుటతో సరిపుచ్చక, “మీరు భోజనము చేసితిరా? ఎప్పుడు వత్తురు?” అని అడుగుడు. ఇంటినుండి వారికి పోదగిన కానుక అదియే.

ప్రశ్నలు
1. ‘బాలిక్‌బాయన్’ అనగా నేమి? ఆ పేరు పెట్టెకు ఎట్లు వచ్చినది?
2. 2015లో కార్మికులు ఏల ఆగ్రహించిరి?
3. బూట్లు చాలకపోవుటవలన తల్లికి ఏమి తెలిసినది?