గేటు చప్పుడు

ఒక తండ్రి తాగుడు మానేసి రెండేళ్లు దాటింది. ఒక ఆదివారం మందిరంలో నిలబడి కన్నీళ్లతో సాక్ష్యం చెప్పాడు. సంఘమంతా స్తోత్రం అంది. ఎన్నేళ్లకో తల్లి ముఖం తేటపడింది. అయినా రాత్రి ఎనిమిదింటికి గేటు చప్పుడైతే చాలు, తొమ్మిదేళ్ల బాబు పుస్తకం మూసి వంటింట్లో అమ్మ వెనక్కి వెళ్లిపోతాడు. అప్పుడప్పుడు పక్క తడుపుతాడు. “ప్రభువు మా ఇంటిని బాగుచేశాడు కదా మాస్టారూ, వీడింకా ఎందుకిలా ఉన్నాడు?” అని ఆ ఇద్దరూ నన్నడిగారు.

బడిలోనూ సండే స్కూల్లోనూ పిల్లల మధ్యే నా జీవితం గడిచింది. ఇలాంటి ప్రశ్న చాలామంది అమ్మానాన్నల నోట విన్నాను. ముందు మనం కాస్త ఊపిరి తీసుకుందాం. మీ బిడ్డకు విశ్వాసం తక్కువై ఇలా జరగడం లేదు. మీ ప్రార్థన దేవుడికి వినబడకా కాదు. నాన్న చెప్పుల చప్పుడును బట్టి, గడియ తీసే తీరును బట్టి ఆ రాత్రి ఎలా గడుస్తుందో వాడు ఏళ్ల తరబడి లెక్కగట్టుకున్నాడు. నాన్న మారాడని వాడికిప్పుడు తెలుసు. కానీ గుండెదడ వాడి మాట వినదు.

ఇక్కడ ఒక కష్టమైన మాట చెప్పక తప్పదు. “అదంతా దేవుడికి అప్పగించేశాం నాన్నా, మరిచిపో” అని మనం ప్రేమతోనే అంటాం. “నాన్నను క్షమించానని ప్రార్థన చెయ్యి” అంటాం. వాడు చేస్తాడు కూడా, మనల్ని సంతోషపెట్టాలని. ఆ రోజు నుంచి భయానికి తోడు ఇంకో బరువు మోస్తాడు. ‘ఇంకా భయపడుతున్నానంటే నేను మంచివాణ్ని కాదేమో, దేవుడికి నా మీద కోపమేమో’ అనుకుంటాడు. కట్టు కడుతున్నామనుకుని పుండు మీద మూత పెట్టేశాం.

దేవుడు గాయపడినవాళ్లను అలా తొందరపెట్టినట్టు బైబిల్లో కనబడదు. 150 కీర్తనల్లో ఎన్నో ఆయన ముందు వెళ్లబోసుకున్న గోడే. లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసు కన్నీళ్లు పెట్టుకున్నాడు. చచ్చిపోతే బాగుండునని బదరీ వృక్షం కింద పడుకున్న ఏలీయాను దేవదూత మందలించలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చి మళ్లీ పడుకోనిచ్చాడు. తిరిగి లేచిన ప్రభువు చేతుల్లో కూడా మేకుల గుర్తులున్నాయి. తోమాకు వాటిని చూపించాడే గానీ దాచలేదు. మరి మన పిల్లవాడి గుర్తులు చూసి మనమెందుకు కంగారుపడాలి?

జక్కయ్య మేడిచెట్టు ఎక్కడం సండే స్కూలు పిల్లలందరికీ గుర్తుంటుంది. దిగాక అతనన్న మాట పెద్దవాళ్లం గుర్తుంచుకోవాలి. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. బిడ్డ పోగొట్టుకున్న రాత్రులకు మనమూ అలాగే బాకీ తీర్చాలి. పక్కన కూర్చుని, “ఆ రోజుల్లో నిన్ను భయపెట్టాను. తప్పు నాదే, నీది కాదు” అని చెప్పండి. క్షమించానని వాడి చేత అనిపించుకోకండి. ఎనిమిదింటికి వస్తానంటే ఎనిమిదింటికే రండి. గేటు తీయకముందే పేరుపెట్టి పిలవండి. మీ సాక్ష్యంలో వాడు పక్క తడిపిన సంగతి మైకులో చెప్పకండి. కుటుంబ ప్రార్థనలో “ఈ రోజు భయమేసింది” అని చెప్పుకునే చోటు వాడికి ఇవ్వండి. చెప్పగానే వాక్యంతో జవాబివ్వకండి. యోబు స్నేహితులు ఏడు రోజులు నేల మీద మౌనంగా కూర్చున్నారు. నోరు తెరిచాకే ఆయన్ను నొప్పించారు.

నిద్ర పట్టకపోవడం, పక్క తడపడం, బడికి వెళ్లనని ఏడవడం వారాల తరబడి సాగితే డాక్టరుకు చూపిద్దాం. అది విశ్వాసం లేకపోవడం కాదు. లూకాను పౌలు వైద్యుడనే చెప్పాడు. 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కు, 14416 నంబరుకు, ఫోన్ చేస్తే తెలుగులో ఉచితంగా మాట్లాడతారు. ఇంట్లో దెబ్బలు ఇంకా పడుతుంటే, ఎవరైనా బిడ్డను చెడుగా తాకితే, పరువు కోసం ఊరుకోవద్దు. ముందు బిడ్డను కాపాడుకోవాలి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పాలి. బైబిల్లో అత్యాచారానికి గురైన తామారును అన్న అబ్షాలోము ఊరుకోమన్నాడు; ఆమె అతనింట్లోనే దిక్కులేనిదై మిగిలిపోయింది.

ఆ బాబుకు భయం తగ్గడానికి ఏడాది పైనే పట్టింది. మధ్యలో మళ్లీ పక్క తడిపిన రాత్రులూ ఉన్నాయి. ఒక సాయంత్రం వాళ్లమ్మ ఫోన్ చేసింది. నాన్న గేటు బయటి నుంచి పిలిస్తే వాడు తలెత్తకుండానే, “ఉండు నాన్నా, ఈ లెక్క అయిపోనీ” అన్నాడట. అది చెబుతూ ఆమె ఏడ్చేసింది. నేనూ చాలాసేపు ఫోన్ పెట్టలేకపోయాను.