జపానులోని జలదేవతాలయము

నీరు లేకున్నను కరవే, మితిమీరినను కీడే. ఈ సత్యమును స్మరింపజేయు పురాతనాలయ మొకటి జపాను దేశమున గలదు. దానిని మనమిప్పుడు చూచి వత్తము.

క్యోటో నగరమున కుత్తరమున, కొండల నడుమ, కిబునే యను చిన్న యేరు గలదు. దాని నీరు తుదకు నగరముగుండ పాఱు కామో నదిలో చేరును. ఆ యేటి యొడ్డుననే షింటో మతస్థుల కిఫునే ఆలయమున్నది. వానను, నీటిని పాలించునని వారు నమ్ము తకఒకామి యను దేవత ఇందు పూజింపబడుచున్నది. ఇరుప్రక్కల ఎఱ్ఱని దీపములు నిలిచిన రాతిమెట్ల నెక్కి వచ్చువారు, మొదట చేతులను, పిదప నోటిని నీటితో శుభ్రపఱచుకొందురు.

పూర్వము వానలు లేనపుడు చక్రవర్తు లిచ్చటికి నల్లగుఱ్ఱమును పంపెడివారు. వానలు విడువనపుడు తెల్లదానినో ఎఱ్ఱదానినో పంపెడివారు. రానురాను గుఱ్ఱములకు మాఱుగా గుఱ్ఱపుబొమ్మ వ్రాసిన పలకల నర్పింపసాగిరి. నేడు జపాను ఆలయములలో కోరికలు వ్రాసి వ్రేలగట్టు ‘ఏమ’ యను కొయ్యపలక లిట్లు పుట్టినవని చెప్పుదురు.

1046లో వఱద వచ్చి ఆ జలదేవతాలయమునే పాడుచేసెను. 1055లో దానిని ఏటి దిగువనున్న ఇప్పటి చోటికి మార్చిరి. పాతచోట నేటికిని ఒకుమియ యను గుడి యున్నది.

వారి మతము మనది కాకపోయినను, ఆ గుఱ్ఱములవలన మనము నేర్వదగిన దొకటి గలదు. వారు కోరినది విస్తారమైన నీరు కాదు, తగినంత నీరు. వరిచేలపై బ్రదుకు జనులకు ఆ మేర యెంత ముఖ్యమో మన మెఱుగనిది కాదు. ఇకమీదట మబ్బు పట్టినపుడు, నేడు పంపదగినది ఏ గుఱ్ఱమో యని యోచింపుడు.