చీనా సమాజమున రెండు మార్గములు

చీనాదేశమునందే పుట్టి, రెండు వేల యేండ్లకు పైగా ఆ ప్రజల జీవనమును తీర్చిన మార్గములు రెండు. అందొకటి కన్ఫ్యూషియస్ బోధించిన ధర్మము. రెండవది తావో మార్గము.

కన్ఫ్యూషియస్ క్రీ. పూ. 551లో లూ రాజ్యమున జన్మించెను. నాడు రాజ్యములు పరస్పరము పోరాడుకొనుచుండెను. ఎవరి ధర్మమును వారు నెరవేర్చినచో లోకము చక్కబడునని ఆయన తలచెను. రాజునకు సేవకునకు, తండ్రికి కుమారునకు, భర్తకు భార్యకు, అన్నకు తమ్మునకు, మిత్రునకు మిత్రునకు గల సంబంధములైదే సమాజమునకు స్తంభములని ఆయన అనుయాయులు చెప్పిరి. పిన్నలకు విధేయత ఎంత విధియో, పెద్దలకు దయయు అంత విధి.

క్రీ. పూ. 124లో హాన్ వంశపు చక్రవర్తి వూ రాజధానియందు విద్యాపీఠమును నెలకొల్పి, ఈ ధర్మగ్రంథములను బోధింపజేసెను. తరువాతి వంశముల కాలమున పరీక్షల ద్వారా అధికారులను ఎన్నుకొను పద్ధతి ఏర్పడి 1905 వఱకు నడచెను. రైతుబిడ్డయు చదువుచే మంత్రి కావచ్చునను ఆశ దానివలన కలిగెను. కాని యేండ్ల తరబడి చదువుటకు ధనము కావలెను. స్త్రీలకు పరీక్షాశాలలో ప్రవేశమే లేదు.

తావో మార్గమునకు మూలపురుషుడు లావోత్సే యని ప్రతీతి. నీరు పల్లమునకు పాఱునట్లు, బలాత్కారము లేక ప్రకృతి ననుసరించి జీవించుటయే వివేకమని ఆ మార్గము చెప్పును. కొలువులో కన్ఫ్యూషియస్ ధర్మమును పాటించిన అధికారియే, కొలువు వీడి కొండల నడుమ కుటీరము చేరినపుడు తావో తత్త్వమున ఊరట పొందుచుండెను. పల్లెలలో రోగశాంతికిని, దేవతల ఉత్సవములకును తావో పూజారులు వచ్చుచుండిరి. క్రీ. శ. 184లో, తావో భావములు బోధించుచు రోగములు మాన్పెడి నాయకుని వెంట, పసుపు తలపాగాలు చుట్టిన రైతులు ప్రభుత్వముపై తిరుగబడిరి. శాంతమార్గము ఆర్తుల చేత ఆయుధమైనది.

చీనాలో ఆధునిక పెట్టుబడిదారీ విధానము తనంత తాను ఏల పుట్టలేదని జర్మను సామాజికశాస్త్రవేత్త మాక్స్ వెబర్ 1915లో ప్రకటించిన రచనలో ప్రశ్నించెను. లోకముతో సర్దుకొనుమను కన్ఫ్యూషియస్ ధర్మము, మంత్రతంత్రములను విడువని తావో మార్గము, బలమైన వంశబంధములు అందుకు కారణములలోనివని ఆయన భావించెను. అయితే ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున తైవాను, సింగపూరు, దక్షిణ కొరియా పరిశ్రమలలో ముందంజ వేయగా, కొందఱు పండితులు విద్యాసక్తిని, కుటుంబనిష్ఠను పెంచిన ఆ కన్ఫ్యూషియస్ ధర్మమునే కొంత కారణముగా చూపిరి. ఒకే బోధ ఒకచోట అడ్డుగాను, వేఱొకచోట అండగాను కనబడినది. కావున గ్రంథమును మాత్రమే చూచిన చాలదు. దానిని ఆచరించిన కాలమును, ప్రజలను, ప్రభుత్వమును గూడ చూడవలెను.

1966లో సాంస్కృతిక విప్లవమున యువకులు చ్యూఫూ పట్టణమందలి కన్ఫ్యూషియస్ సమాధిని ధ్వంసము చేసిరి. 1994లో ఆ సమాధిస్థలము, ఆలయము ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చబడెను. పెద్దల మాటకు ఎంతవఱకు తలయొగ్గవలెను, మనసు చెప్పిన దారిని ఎంతవఱకు నడువవలెను అను ప్రశ్న చీనావారిని నేటికిని వీడలేదు. ఆ ప్రశ్న పుట్టని ఇల్లు ఏ దేశమునను లేదు.