వెన్నుపాము గాయం - చక్కెర అణువుల సాయం



మన తాడ్వాయి, కామారెడ్డి ప్రాంతంలో చెరకు తెలియనివారు లేరు. అయితే చక్కెర అంటే చాయ్‌లో వేసుకునేది ఒక్కటే కాదు. మన శరీరంలోనూ చక్కెర అణువులు గొలుసులుగా కూడి కణాల చుట్టూ ఉంటాయి. వెన్నుపాముకు దెబ్బ తగిలినప్పుడు వీటి పాత్ర పెద్దది.

చేతి నరం తెగితే, కుట్టు వేశాక రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున పెరగగలదు. మెదడులో, వెన్నుపాములో అలా జరగదు. కారణాలు అనేకం. వాటిలో ఒకటి గాయం చోట ఏర్పడే మచ్చ. అక్కడ కాండ్రాయిటిన్ సల్ఫేట్ అనే చక్కెర గొలుసులు ప్రోటీన్లకు అతుక్కొని కంచెలా నిలుస్తాయి. పెరగబోయిన నరపు పోగు అక్కడే ఆగిపోతుంది.

ఈ గొలుసులను తెంపే ఎంజైము ఒకటుంది. దాని పేరు కాండ్రాయిటినేజ్ ఎ.బి.సి. దానితో ఎలుకల వెన్నుపాములో నరపు పోగులు మళ్ళీ పెరిగాయని 2002లో లండన్ శాస్త్రవేత్తలు చూపారు. చిక్కేమిటంటే, శరీరపు వేడికి, అంటే 37 డిగ్రీల వద్ద, ఆ ఎంజైము కొద్ది రోజుల్లోనే చెడిపోతుంది.

ఇక్కడ మరో చక్కెర ఆదుకుంది. మన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బయోమెడికల్ ఇంజనీరింగ్ చదివిన రవి బెల్లంకొండ, అమెరికాలోని జార్జియా టెక్‌లో సహచరులతో కలిసి ఆ ఎంజైముకు ట్రెహలోజ్ జోడించారు. ఇది పుట్టగొడుగుల్లో ఉండే చక్కెర. దానితో ఎంజైము 37 డిగ్రీల వద్ద 4 వారాల వరకు పనిచేసింది. 2010లో వెలువడిన ఆ పరిశోధనలో, గాయపడిన ఎలుకల నడక మెరుగుపడింది.

ఇది ఇంకా మనుషులకు మందుగా రాలేదు. చక్కెర తిన్నా, కీళ్ళ నొప్పులకు అమ్మే కాండ్రాయిటిన్ మాత్రలు మింగినా వెన్నుపాము బాగుపడదు. ఆ పేరుతో ఎవరైనా డబ్బు అడిగితే మోసపోవద్దు.

మన చేతిలో ఉన్నది మనం చేద్దాం. ట్రాక్టరు బోల్తాపడినా, చెట్టు మీది నుండి పడినా, మెడ లేక వీపు నొప్పి అంటున్నవారిని కాళ్ళూ చేతులూ పట్టి ఆటోలోకి ఎత్తవద్దు. కదల్చకుండా 108కి ఫోన్ చేయాలి. కాళ్ళు పడిపోయి మంచాన ఉన్నవారిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి. లేకుంటే పుండ్లు పడి ప్రాణం మీదికి వస్తుంది.

గాలి పరుపు, చక్రాల కుర్చీ, ఫిజియోథెరపీ ఖర్చు పేద ఇంటికి మోయలేని భారం. అర్హులైనవారికి జకాత్ నుండి, మిగతావారికి సదఖా నుండి చేయందించండి. పరిశోధన ఫలించే రోజు వచ్చేసరికి ఆ మనిషి కోలుకోగల స్థితిలో ఉండాలి. ఇన్షా అల్లాహ్, ఆ రోజు వస్తుంది.